గొడుగు కప్పకి సగం షట్టరు బేరం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. ఇందులో ఇల్లు కాలదు, ఓడ మునగదు, ఎవరూ ఊరొదిలి పారిపోరు. ఏడు వందల తొంభై తొమ్మిది రూపాయల వస్తువుని ఏడు వందల తొంభై తొమ్మిదికి కొనడం చేతగాక ఒక పెద్దమనిషి సొంత అక్క కుడిచేతిని పణంగా పెట్టాడు. ఆ పెద్దమనిషిని నేనే. మూడేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై ఒక్క ఏళ్లు. లేత వయసు, ఏదో తెలియనితనం అని మీరే సర్దుకోవాలి.

మాది జార్జి టౌన్లో స్టీలు సామాన్ల కొట్టు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఆ సందులో దిగినవాళ్లం. ఆ సందులోకి తోపుడు బండి వస్తే మనిషి గోడకి బల్లిలా అతుక్కోవాలి. నేను పుట్టినప్పుడు నర్సమ్మ బయటికొచ్చి "మగబిడ్డ, మూడు కిలోలు" అంటే, మా నాన్న "కాటా ఎక్కడుందమ్మా?" అని అడిగాడట. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి రాసి ఉన్న ధర అంటే ఏమిటి? ఎదుటివాడు మాట మొదలుపెట్టడానికి వాడుకునే పలకరింపు. "బాగున్నారా?" అంటే "బాగున్నాం" అన్నట్టు, "ఎనిమిది వందలు" అంటే "మూడు వందలు" అనాలి. అది మర్యాద. అడిగినంతా ఇచ్చేస్తే అవతలివాడు రాత్రంతా నిద్రపోడు, ఇంకో వంద ఎక్కువ చెప్పి ఉండాల్సిందని.

మా అక్క రాజేశ్వరి నాకన్నా ఆరేళ్లు పెద్దది. తొండియార్‌పేటలో ఉంటుంది. టి. నగర్ చీరల కొట్లలో పెళ్లిపట్టు కొన్నవాళ్లు జాకెట్టు ముక్క పట్టుకుని వెతుక్కుంటూ తొండియార్‌పేట దాకా వస్తారంటే ఆమె చేతి కత్తెర ఎలాంటిదో ఊహించుకోండి. బావ హార్బరులో పనిచేస్తాడు. ఆయన ఈ కథలోకి రాడు. తెలివైన మనిషి.

ఆ ఏడాది అక్క మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక చూస్తే వేళ్లు ఎండిన మునక్కాయల్లా ఉన్నాయి, వంగవు. పిడికిలి పడదు, కత్తెర నిలవదు. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఒకటి చేతిలో పెట్టి, రోజూ నొక్కమంది. అక్క రెండు రోజులు నొక్కి, మూడో రోజు ఆ బంతిని బియ్యం డబ్బా వెనక దాచేసింది.

"దాన్ని నొక్కతా కూర్చుంటే నాకు పిచ్చి పడతాది" అంది.

ఆ అమ్మాయికి కోపం వచ్చింది. "బంతి వద్దంటే వద్దులేండి. బొటనవేలూ మిగతా వేళ్లూ కదిలే పని ఏదైనా చేయండి. కానీ ఈ రెండు నెలల్లోనే చేయాలి. తరవాత బిగుసుకున్నవి బిగుసుకున్నట్టే ఉంటాయి" అని గట్టిగా చెప్పి పంపించింది.

అప్పుడు అక్క కూతురు కావ్య నోరు విప్పింది. ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల. టీవీకి తగిలించి ఆటలాడుకునే నల్లటి పెట్టె ఒకటి కొనుక్కుంది, కన్సోల్ అంటారట.

"అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఆడేదాన్నని చెప్తావే, గొడుగు పట్టుకున్న కప్ప? ఆ ఆట మళ్లీ రిలీజ్ చేశారు. నా కన్సోల్లోకి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు."

అక్క ముఖం వెలిగింది చూడండి! ఎందుకు వెలిగిందో మీకు చెప్పాలి. మా చిన్నతనంలో నాన్న బర్మా బజారులో బేరమాడి ఒక టీవీ ఆట సెట్టు తెచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక క్యాసెట్టు. దాని మీద ఏదో తెలియని లిపి, ఒక కప్ప, దాని చేతిలో గొడుగు. కప్ప మెట్టు మీంచి మెట్టుకి ఎగురుతుంది, పడిపోయేటప్పుడు గొడుగు తెరుస్తుంది. అంతే ఆట. నా కప్ప మూడో మెట్టు దాటేది కాదు. అక్క కప్ప మబ్బులు దాటి, చంద్రుడి దాకా పోయి, అక్కడ ఒక కోటలో దీపం వెలిగించి వచ్చేది. సందులో ఆడామగా మా గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. నాన్న వాళ్లందరికీ టంబ్లర్లు చూపించేవాడు. ఆ సెట్టుని అమ్మ ఒకరోజు ప్లాస్టిక్ సామాన్ల వాడికేసి రెండు బకెట్లు తీసుకుంది. బకెట్లు మంచివే.

"ఆ కప్పేనా? నిజంగా ఆ కప్పేనా?" అని అక్క మూడుసార్లు అడిగింది. వంగని వేళ్లతోనే గాలిలో మీటలు నొక్కడం మొదలుపెట్టింది.

అది చూసి నా గుండె కరిగింది. "అక్కా, అది నేను కొనిస్తా. నా కానుక" అన్నాను. ఈ కథలో నేను చేసిన మంచిపని ఇదొక్కటే, ఇది కూడా ఆ వాక్యంతోనే అయిపోయింది. ఎందుకంటే మరుక్షణం కావ్య టీవీ తెర మీద ధర చూపించింది.

"ఏడు వందల తొంభై తొమ్మిదా? అట్టపెట్టె ఏదీ?"

"పెట్టె ఉండదు మామా. డౌన్‌లోడ్."

"క్యాసెట్టు?"

"ఉండదు."

"చేతికి ఏమొస్తుంది?"

"చేతికి ఏమీ రాదు. ఆట వస్తుంది."

"అంటే అట్ట ఖర్చు లేదు, లారీ కిరాయి లేదు, దించే కూలి లేదు. కరెంటు మీది, నెట్టు మీది, టీవీ మీది. పైగా ముప్ఫై ఏళ్ల పాత సరుకు! మా కొట్టుకి పాత బిందె తెస్తే తరుగు తీసి ధర కడతాం. ఈళ్లు పాత కప్పకి కొత్త ధర చెప్తారా?"

"మామా, అది ఫిక్స్‌డ్ రేటు. నేనే కొనేస్తా, ఒక్క నిమిషం…"

"కొన్నావంటే ఈ గడప తొక్కను!" అన్నాను. నిజంగానే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పూటే నన్ను గడప తొక్కనివ్వకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

అక్క నావైపే మాట్లాడింది, అదీ రాసి పెట్టుకోండి. "వాడి ముచ్చట వాడిని తీర్చుకోనీవే. మురళి బేరం చేశాడంటే సగానికి దించకుండా వస్తాడా?" అంది. నా మీద అంత నమ్మకం. నేను దాన్ని ఎలా నిలబెట్టుకున్నానో చూడండి.

తెర కింది భాగంలో ఒక వాక్యం ఉంది. ఈ ఆట ఈ నెల ముప్ఫయ్యో తారీఖు వరకే అమ్మకానికి ఉంటుందని. కావ్య దాన్ని వేలితో చూపించి, "చూశావా మామా? లైసెన్సు అయిపోతుందంట. తరవాత తీసేస్తారు. ఇంక మూడు వారాలే" అంది.

నేను పగలబడి నవ్వాను. పాపం పిల్ల, వ్యాపారం చూడని పిల్ల. "కొన్ని రోజులు మాత్రమే" అనే బోర్డు మా కొట్టు మీద పదకొండేళ్లు వేలాడింది. మధ్యలో రెండుసార్లు రంగు కూడా వేయించాం. టి. నగర్లో ఒక కొట్టువాడు "కొట్టు మూసేస్తున్నాం, ఆఖరి తగ్గింపు" అని గుడ్డ కట్టి, ఆ గుడ్డ కిందే పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, వాళ్లని గల్లా మీద కూర్చోబెట్టాడు. ఆఖరి తారీఖు అంటే ఏమిటో నాకు చెబుతుందా?

"ఇది బేరానికి తలుపు తీయడమే కావ్యా. ఆఖరి రోజుకి వాడే దిగొస్తాడు. సగం షట్టరు బేరం అంటారు దీన్ని."

సగం షట్టరు బేరం తెలియనివాళ్ల కోసం: కొట్టువాడు పొద్దుపోయాక ఊడ్చుకుని, దీపం చూసుకుని, షట్టరు సగం దించుతాడు. సరిగ్గా అప్పుడు వంగి లోపలికి తొంగి చూడాలి. ఇంటికి పోయే తొందరలో ఉన్నవాడు పొద్దున వెయ్యి అన్నదాన్ని ఐదు వందలకి చేతిలో పెడతాడు. మా వంశం సగం ఆస్తి ఆ వంగుడులోనే సంపాదించింది. మిగతా సగం నడుం నొప్పికి పోయింది.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం కొట్లో జనం పలచబడగానే స్కూటరు తీసి తొండియార్‌పేట పోయేవాణ్ణి. అక్క అప్పటికే సోఫాలో జాయ్‌స్టిక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది, తాళి కట్టించుకోబోయే పెళ్లికూతురిలా.

మొదటి రోజు కావ్య ఆ ఆటని "కావలసినవి" అనే పట్టికలో పెట్టింది. "ధర తగ్గితే అదే మనకి చెప్తుంది మామా."

నాకు చెమటలు పట్టాయి. "ఏం చేశావే! మనకి ఇది కావాలని కొట్టువాడికి చెప్పేశావా? తీసెయ్! ముందు తీసెయ్! కావలసిన వస్తువు వైపు కన్నెత్తి చూడకూడదు. పక్క వస్తువు చూడాలి."

కాబట్టి పక్క వస్తువులు చూశాం. మూడు రోజులు వరసగా లారీలు తోలే ఆటలు, ఫుట్‌బాల్ ఆటలు, ఎవరో పశువుల్ని పెంచే ఆట తెరిచి, ఒక్కొక్కదాని ముందు పది నిమిషాలు కూర్చుని, "బాగుందే, బాగుందే" అన్నాను. కన్సోల్‌కి వినపడాలని కాస్త గట్టిగా కూడా అన్నాను. కప్ప పేజీని మాత్రం ఏదో దారిన పోతూ తగిలినట్టు ఒక్క క్షణం తెరిచి, మూతి విరిచి మూసేసేవాణ్ణి.

"మామా, అది మిషను. నీ మూతి దానికి కనపడదు."

"కొట్టు అన్నాక ఎవడో ఒకడు చూస్తూనే ఉంటాడు."

ఫలితం కనపడింది. నాలుగో రోజు కన్సోల్ తెరవగానే ఒక లారీ నా మీదికి వచ్చింది. ఐదో రోజు నాలుగు లారీలు. "మీకు నచ్చవచ్చు" అని ఊరిలో ఉన్న లారీలన్నీ మా అక్క హాల్లో బారులు తీరాయి. కప్ప ధర పైసా కదలలేదు.

"మురళీ, ఎంతవరకు వచ్చిందిరా?" అని అక్క అడిగితే, "మెత్తబడుతున్నాడు అక్కా" అన్నాను. ఎవడు మెత్తబడుతున్నాడో నాకూ తెలియదు.

రెండో వారంలో నాకు ఒక అద్భుతం దొరికింది. అదే కప్ప, అదే గొడుగు, ధర ఎనభై తొమ్మిది రూపాయలు! కావ్య మీటింగులో ఉంది. నేనే వేలితో ఒక్కొక్క మీటా వెతికి నొక్కి, నా కార్డు నంబరు కొట్టి కొనేశాను. అక్క చప్పట్లు కొట్టబోయి, కుడిచెయ్యి నొప్పితో "అమ్మా" అంది. నేను వీధిలో స్వీటు కొట్టుకి పోయి అర కిలో జాంగ్రీ కట్టించుకొచ్చాను.

కావ్య మీటింగు ముగించి వచ్చి తెర చూసింది. తరవాత నన్ను చూసింది. తరవాత జాంగ్రీ చూసింది.

"మామా, ఇది ఆట కాదు. గొడుగు రంగులు."

"అంటే?"

"కప్పకి గొడుగు ఎర్రగా ఉండాలా, పసుపుగా ఉండాలా అని మార్చుకోవడానికి. ఆట ఉన్నవాళ్లు కొనుక్కునేది."

"మరి కప్ప?"

"కప్ప ఏడు వందల తొంభై తొమ్మిది."

"తిరిగి ఇచ్చేద్దాం."

"తీసుకోరు మామా."

ఆరు రంగుల గొడుగులు నావి. పట్టుకోవడానికి కప్ప లేదు. అక్క మాత్రం జాంగ్రీ తింటూ, ఎడమ చేత్తోనే, "పసుపు బాగుండాదిరా" అంది. ఆమె మంచితనానికి నాకు ఒళ్లు మండింది.

ఇంక ముసుగులో గుద్దులాట వద్దనుకున్నాను. ఓనరుతోనే మాట్లాడదామని కావ్య చేత ఆ కంపెనీ సహాయకుడికి మెసేజీ పెట్టించాను. అవతలివాడు చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదకే నాకు బీపీ వచ్చింది. నేను చెప్పింది కావ్య ఇంగ్లీషులో కొట్టేది, వాళ్ల జవాబు తెలుగులో చెప్పేది.

"ఫైనలుగా ఎంతకిస్తారో అడుగు."

"తెర మీద కనిపించేదే ధరంట. మన ఓపికకి ధన్యవాదాలంట."

"నా ఓపిక సంగతి వాడికెందుకు? నాలుగు వందలు, ఇప్పుడే, క్యాషు అను."

"ధర మార్చే అధికారం తనకి లేదంట. ఓపికకి ధన్యవాదాలంట."

"సరే, హోల్‌సేల్ అడుగు. ఐదు కప్పలు తీసుకుంటాం. ఒక్కొక్కటి ఎంత పడుతుంది?"

కావ్య రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. తరవాత కొట్టింది. జవాబు వచ్చింది. "ఒక ఖాతాలో ఒక ఆట ఒక్కసారే కొనగలమంట."

నా జీవితంలో ఎక్కువ కొంటానంటే వద్దన్న కొట్టుని అప్పుడే చూశాను. చివర్లో వాడు తన సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగాడు. "వంద తగ్గిస్తే ఐదు ఇస్తా, రెండు వందలు తగ్గిస్తే ఆకాశం మొత్తం ఇస్తానని చెప్పు" అన్నాను. కావ్య కంప్యూటర్ మూసేసి వంటింట్లోకి పోయింది. లోపల ఏదో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు. మా కొట్టు గిన్నే. సొట్ట పడదు.

ఇంతలో అక్క ఫిజియోథెరపీకి వెళ్లి వచ్చింది. వేళ్లు ముందు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయట. ఆ అమ్మాయి "ఏదో ఆట ఆడతానన్నారు, ఏమైంది?" అని అడిగిందట. అక్క ఏం చెబుతుంది? "మా తమ్ముడు బేరం చేస్తా ఉండాడు" అని చెప్పిందట. ఆ అమ్మాయి చీటీ మీద రెండు గీతలు గట్టిగా గీసిందట.

ముప్ఫయ్యో తారీఖు వచ్చింది. కొట్టుని నాన్నకి అప్పగించి మధ్యాహ్నం మూడింటికే అక్క ఇంటికి చేరాను. ధర ఏడు వందల తొంభై తొమ్మిది. నాలుగింటికి ఏడు వందల తొంభై తొమ్మిది. ఐదింటికి అక్క గొంతు మారింది.

"చాల్లేరా మురళీ. కొనెయ్."

"అక్కా, ఇప్పుడా? మూడు వారాలు కాచుకుని ఆఖరి గంటలో జారిపోతే ఎట్టా? రాత్రి పన్నెండు దాకా టైముంది. ఎనిమిదికో తొమ్మిదికో వాడు షట్టరు సగం దించుతాడు. అప్పుడు చూడు."

"వాడికి షట్టరు యాడుందిరా?"

అది మంచి ప్రశ్న. మూడు వారాల్లో ఆ ఇంట్లో ఎవరైనా వేసిన ప్రశ్నల్లోకెల్లా మంచి ప్రశ్న. నేను టీ అడిగాను.

ఐదూ యాభైకి కావ్య జాయ్‌స్టిక్కు తీసుకుంది. "మామా, నేను కొనేస్తున్నా. నువ్వు గడప తొక్కకపోతే పీడా పోయె."

"ఒక్క గంట! మీ అమ్మ మీద ఒట్టు, ఒక్క గంట!" అని జాయ్‌స్టిక్కు లాక్కున్నాను. ఆ లాక్కోవడంలో ఏదో మీట నొక్కుకుని మళ్లీ లారీలు వచ్చాయి. లారీలన్నీ దాటుకుని కప్ప పేజీకి తిరిగొచ్చేసరికి గోడగడియారం ఆరూ ఒకటి.

కప్ప లేదు. దాని బొమ్మ ఉండాల్సిన చోట బూడిద రంగు చదరం, కింద "ఈ వస్తువు ఇప్పుడు అందుబాటులో లేదు" అని ఒక ముక్క. ఊడ్చిన చప్పుడు లేదు, దీపం ఆర్పిన సూచన లేదు, షట్టరు కిర్రుమనలేదు. ఉన్నది ఉన్నట్టే లేకుండా పోయింది.

"రాత్రి పన్నెండు అనుకున్నానే!"

కావ్య ఫోనులో ఆ పాత పేజీ ఫోటో తీసి పెట్టుకుంది. పెద్దది చేసి నా ముక్కు కింద పెట్టింది. ముప్ఫయ్యో తారీఖు పక్కన చీమ కాలంత అక్షరాల్లో సాయంత్రం ఆరు గంటలు అని ఉంది. మా కొట్టు బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అంతకన్నా చిన్న అక్షరాల్లో అచ్చు వేయించిన మనిషిని నేను. చిన్న అక్షరాలు కొనేవాళ్లు చదవాల్సినవని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జాయ్‌స్టిక్కుని నా చేతిలోంచి తీసుకుని, దాని తీగ మెల్లగా చుట్టడానికి ప్రయత్నించింది. వేళ్లు వంగలేదు. కావ్య తీసుకుని చుట్టింది.

"ఎనిమిది వందలురా" అంది అక్క. "ఒక జాకెట్టు కుట్టుకూలి. నిన్న ఇద్దరు పెళ్లివాళ్లు వచ్చి గుడ్డ వెనక్కి తీసుకుని పోయినారు. ఇంటికి పో."

ఆ మాటతో నేను స్కూటరు కూడా తోసుకుంటూనే సగం దూరం పోయాను. దాని మీద కూర్చునే అర్హత లేదనిపించింది. మిగతా సగం పెట్రోలు అయిపోయి తోశాను, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి పోయి, గడప బయటే నిలబడి, "పాత క్యాసెట్టే వెతికి తెస్తా. రిచ్చీ స్ట్రీట్లో దొరక్కపోతుందా? దాని మీద బొమ్మ నువ్వే గుర్తుపట్టాలి, రా" అన్నాను. అక్క చెప్పులు వేసుకుంది.

ఎలక్ట్రానిక్ సామాన్ల ఆ వీధిలో పదహారు కొట్లు తిరిగాం. పదిహేడోది ఒక మేడ మీది గది. లోపల చెవుల మీద తెల్ల వెంట్రుకలున్న ఒక ముసలాయన, ఆయన చుట్టూ పాత టీవీ ఆటల సెట్లు గుట్టలు. మా తెలుగు వినగానే ఆయనా తెలుగులోకి దిగాడు.

"గొడుగు పట్టిన కప్పా? ఉండాది, ఉండాది. కూర్చోమ్మా." ఒక అట్టపెట్టె దించి, దుమ్ము ఊది, తీసి బల్ల మీద పెట్టాడు. అదే కప్ప. అదే గొడుగు. అక్క గొంతులోంచి చిన్న పిల్ల చేసే చప్పుడు ఒకటి వచ్చింది. బేరం దగ్గర చేయకూడని చప్పుడు. ముసలాయన విన్నాడు. ఆయన వినడం నేను చూశాను.

"క్యాసెట్టూ, దాన్ని ఆడే సెట్టూ కలిపి నాలుగున్నర వేలు."

"నాలుగున్నర వేలా! నిన్నటిదాకా కంప్యూటర్లో ఎనిమిది వందలు!"

"అవును సార్. నిన్న సాయంత్రం తీసేసినారంట గదా. ఈ పొద్దు మీరు నాలుగో ఆయన."

మిగతా ముగ్గురూ నాలాంటివాళ్లే అయ్యుండాలి. కానీ ఎదురుగా ముఖం ఉన్న కొట్టువాడు! ముక్కు ఉంది, కళ్లున్నాయి, చెమట ఉంది. మూడు వారాల తరవాత నా జాతివాడు కనిపించాడు. ఒళ్లంతా ఉత్సాహం పుట్టింది.

"గీతలు పడ్డాయి. తొమ్మిది వందలు."

"నాలుగున్నర."

"పనిచేస్తుందన్న గ్యారంటీ ఏది? పదకొండు వందలు. ఆఖరి మాట."

"నాలుగున్నర సార్. నాదీ ఆఖరి మాటే. మొదటి మాటా అదే."

ఇంక నా దగ్గర మిగిలింది ఒక్కటే. "సరే, వద్దులేండి" అని వెనక్కి తిరిగి నడవడం. ఇది మా ఇంటి విద్య. మొదటి అడుగు వేగంగా, రెండోది కాస్త నిదానం, మూడో అడుగు గాలిలో ఉండగా కొట్టువాడు "సార్, సార్, రండి" అనాలి. నలభై ఏళ్లలో నాలుగో అడుగు వేయాల్సిన అవసరం నాకు రాలేదు.

"వద్దులేండి" అన్నాను. తిరిగాను. మొదటి అడుగు వేశాను. రెండో అడుగు ఎత్తాను.

అది ఎక్కడా పడలేదు. మెడ దగ్గర చొక్కా బిగుసుకుంది, పైగుండీ ఊడి టప్పుమని ఒక టీవీకి తగిలింది. నేను కొక్కేనికి వేలాడేసిన సంచిలా వెనక్కి వచ్చాను.

"యాడికి పోతా ఉండావురా?" అంది అక్క. ఆ గొంతు నేను చిన్నప్పుడు ఆమె కప్పని మూడో మెట్టు మీంచి తోసినప్పుడు మాత్రమే విన్నాను. "ఇంకొక్క అడుగు వేశావంటే చంపేస్తా."

"అక్కా, అది బేరం…"

"బేరమా! నీ బేరం తగలెయ్య!" అని కాలర్ పట్టుకునే నన్ను ముందుకీ వెనక్కీ ఊపింది. మూడు వారాల లారీలూ, గొడుగులూ, జాంగ్రీలూ అన్నీ ఆ ఊపులో ఉన్నాయి. నాకు ఊపిరాడ్డం లేదు. కళ్లు తిరుగుతున్నాయి. ఆ తిరిగే కళ్లకే కనపడింది, అక్క ఎడమచేతిలో సంచి ఉంది.

"అక్కా… కుడిచెయ్యి!"

ఊపడం ఆగింది. ముగ్గురం చూశాం. బొటనవేలు ఇటు, నాలుగు వేళ్లు అటు, మధ్యలో నా కాలర్. నొప్పితో అక్క కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ వేళ్లు వంగి ఉన్నాయి. రబ్బరు బంతికి లొంగనివి నా చొక్కాకి లొంగాయి. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అక్క తన చేతిని తానే, ఎవరిదో వస్తువుని చూసినట్టు చూసుకుంది.

అది ఎంత గొప్ప క్షణం! అక్కచెల్లెళ్లున్న ఎవరైనా ఆ క్షణంలో ఏం చేస్తారు? కన్నీళ్లు పెట్టుకుంటారు, దేవుడికి దండం పెడతారు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూసుకుపోయిన గొంతుతోనే, నా రక్తంలో ఉన్న మూడు తరాలూ ఒక్కసారిగా మాట్లాడాయి.

"అక్కా, చెయ్యి బాగైపోయింది గదా. ఇంక క్యాసెట్టు ఎందుకు?"

వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

"అట్నే పట్టుకోమ్మా, వదలొద్దు" అన్నాడు ముసలాయన. "సార్, డబ్బు పై జేబులో ఉందా, కింది జేబులోనా?"

నాలుగున్నర వేలు, ఒక్క నోటు తగ్గకుండా ఇచ్చాను. అక్క అప్పుడు సంచి కింద పెట్టి, ఎడమ చేత్తో బల్ల మీదున్న ఇంకో జాయ్‌స్టిక్కు తీసి సంచిలో వేసుకుంది. "ఇది కొసరు" అంది. అడగలేదు, చెప్పింది. ముసలాయన "తీసుకోమ్మా తల్లీ" అన్నాడు. నలభై ఏళ్ల నా విద్యని ఆమె రెండు మాటల్లో తీసి పక్కన పెట్టింది.

తరవాతి కథ కప్పది. రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట. మొదటి వారం కప్ప మూడో మెట్టు మీంచే పడేది. నాలుగో వారానికి మబ్బులు దాటింది. అది చంద్రుడి కోటలో దీపం వెలిగించిన వారంలోనే అక్క కత్తెర పట్టింది. మొట్టమొదట కుట్టింది నా చిరిగిన కాలర్నే. దానికి కూలి తీసుకుంది. నేను నోరు తెరవబోతే కత్తెర నా వైపు తిప్పింది.

ఇక్కడితో ఆగి ఉంటే నా పరువు కొంచెమైనా మిగిలేది. కానీ ఆర్నెల్ల తరవాత ఒక మధ్యాహ్నం కావ్య ఫోను చేసింది. ఆ ఆటని ఇంకెవరో కొనుక్కుని మళ్లీ అమ్మకానికి పెట్టారట. మూడు వందల తొంభై తొమ్మిది. సరిగ్గా సగం! కొట్టుని నాన్నకి వదిలేసి, స్కూటరు మీద ఎగురుకుంటూ తొండియార్‌పేట పోయాను.

"నేను చెప్పలా? సగానికి దిగుతుందని చెప్పానా లేదా? ఆర్నెల్లు ఆగి ఉంటే…"

అక్క కుట్టుమిషను ఆపింది. లేచి నిలబడింది. వేళ్లు ఒక్కొక్కటే మడిచి, తెరిచి, మళ్లీ మడిచింది. ఇప్పుడవి బ్రహ్మాండంగా మడుచుకుంటున్నాయి.

అందుచేత, మా అక్క రాజేశ్వరి ఎదుట, ఆమె కూతురి సాక్షిగా, రెండు చేతులూ జోడించి చేసిన ప్రమాణాన్ని పాఠకులకి కూడా విన్నవించుకుంటున్నాను. ఇకమీదట రాసి ఉన్న ధర ఎంతో చూసి, అంతా ఇచ్చి, నోరు మూసుకుని వస్తువు తీసుకుని వస్తాను. పక్క వస్తువు వైపు చూడను. చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదువుతాను. ఎవరి కొట్టు ముందూ వెనక్కి తిరిగి నడవను. ఈ ప్రమాణం నా ఊపిరి ఉన్నంతకాలం.

నేను ఏడాది అన్నాను. అక్క ఒప్పుకోలేదు.